చుక్కలూ గీతలూ: కొకురాలో దిగిన రైల్వే మనిషి

(విశాఖపట్నం పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండి. వెనక వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తే... ఆఁ, చాలు చాలు.

నేను సాహిత్యం మనిషిని కాదండి, ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. 34 ఏళ్లు రైల్వేలో చేశాను, అందులో చివరి 20 ఏళ్లు దొండపర్తిలో కంట్రోలర్‌ని, అంటే ఫోన్ల మీద రైళ్లు నడిపించేవాణ్ని. సభ పెట్టినవాళ్లు ఫోన్ చేసి "మీరు జపాన్ వెళ్లొచ్చారు కదా, అక్కడి కథలూ నవలల గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు, నేనూ ఊపులో సరే అనేశాను, అనేశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే జపనీస్ నాకు రాదు. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. రాని భాషలో పుస్తకాల గురించి మైకు పట్టుకుని మాట్లాడే ధైర్యం రైల్వే పెన్షనర్లకే ఉంటుంది. (నవ్వులు)

మా అమ్మాయీ అల్లుడూ కితాక్యూషూలో ఉంటారు. జపాన్ అనగానే మనకి టోక్యో, హిరోషిమా తప్ప తట్టవు కదా, ఇది కింద క్యూషూ దీవిలో ఉత్తరం మూల, 1963లో ఐదు ఊళ్లు కలిపేసి ఒక ఊరు చేశారు, అందులో కొకురా ఒకటి, యవాతా ఒకటి. యవాతా అంటే స్టీలు. 1901లో అక్కడ సర్కారువారి ఉక్కు కార్ఖానా మొదలైంది, అక్కడి పాత బ్లాస్ట్ ఫర్నేస్ ఒకదాన్ని ఇప్పటికీ అలాగే ఉంచారు, పైన పెద్ద అక్షరాలతో 1901 అని బోర్డు. నేను 2023లో వెళ్లాను, మూడు నెలలకి కొంచెం తక్కువ ఉన్నాను. మొదటి ఆదివారమే మా అల్లుడు ఆ ఫర్నేస్ దగ్గరకి తీసుకెళ్లాడు, నాకు మన స్టీలు ప్లాంటు వైపు గాజువాక వెళ్లినట్టే అనిపించింది, ఏం కొత్తగా లేదు.

కానీ ఒకటి చెప్పాలి. మన కొత్తవలస–కిరండూల్ లైన్ ఉంది కదా, అరకు వెళ్లేవాళ్లందరూ 58 సొరంగాలు లెక్కపెట్టుకుంటూ ఫోటోలు తీసుకుంటారే, ఆ లైన్ వేసింది మనం అరకు చూడ్డానికి కాదు. 1960లో జపాన్‌తో ఒప్పందం, బైలదిల్లా కొండల నుంచి ఏడాదికి 40 లక్షల టన్నుల ఇనప రాయి పంపాలని. ఆ రాయి దింపడానికే ఘాట్‌లో లైను, దాన్ని పెద్ద ఓడల్లో ఎక్కించడానికే 1976లో ఔటర్ హార్బర్. నేను నా సర్వీసులో ఎన్ని రేకులు, అంటే గూడ్సు బండ్లు, ఆ ఘాట్ దింపానో లెక్కలేదు. రాత్రి 2 గంటలప్పుడు శివలింగపురం స్టేషన్ మాస్టర్‌ని లేపి "బాబూ, రేకు వదిలావా" అని అరిచి, ఆ రాయి పోర్టుకి చేర్చి... అదంతా ఎక్కడికి పోతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. జపాన్‌కి పోతుంది, అంతే. ఆ పాత ఫర్నేస్ ముందు నిలబడితే, మనం పోస్టు చేసిన ఉత్తరాలు అందాయో లేదో అడగడానికి వచ్చినట్టు ఉంది.

సరే, పుస్తకాల్లోకి వస్తాను.

వారం తిరిగేసరికి అక్కడ నాకు పని లేకుండా పోయింది. అమ్మాయి ఆఫీసుకి, అల్లుడు ఆఫీసుకి, మనవరాలు బడికి, దానికి తొమ్మిదేళ్లు, అక్కడే పుట్టింది. నేనొక్కడినే ఇంట్లో. టీవీ పెడితే అర్థం కాదు. పక్కింటాయన వంగి దండం పెడతాడు, నేనూ పెడతాను, ఆయన మళ్లీ పెడతాడు, ఇది ఎక్కడ ఆపాలో తెలీదు. అందుకని రోజూ కొకురా స్టేషన్ దాకా నడిచి, అక్కడ పుస్తకాల షాపులో దూరిపోయేవాణ్ని. అక్కడ నిలబడి చదువుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. దానికి వాళ్లకో మాటే ఉంది, తచియోమి అని, నిలువుకాళ్ల మీద చదవడం. మన జగదాంబ దగ్గర బడ్డీలో వీక్లీ తిరగేస్తే "కొంటారా సార్" అని అడిగేవాడు గుర్తుందా, అది లేదు.

భాష రాకుండా పుస్తకాల షాపులో ఏం చేస్తాం? వాసన చూస్తాం, పట్టుకుని చూస్తాం. వాళ్ల నవలలు చాలామటుకు బుంకో అనే సైజులో ఉంటాయి, అరచేతిలో ఇమిడిపోతుంది, చొక్కా జేబులో పడుతుంది. 1927లో ఇవానామి అనే ప్రచురణకర్తలు మొదలుపెట్టిన సైజే ఇప్పటికీ నడుస్తోంది. తిక్కనలాంటి మహాకవి అయినా, నిన్న మొన్నటి దెయ్యాల నవల అయినా అదే సైజు, ఇంచుమించు అదే ధర. ఇది నాకు చాలా నచ్చింది. మన దగ్గర చూడండి, గొప్ప పుస్తకం అంటే అట్ట గట్టిగా ఉండాలి, బరువుగా ఉండాలి, ఆవిష్కరణ సభలో శాలువాతో పాటు ఇవ్వడానికి వీలుగా ఉండాలి. (నవ్వులు) చదవడానికి ఉండాలా అన్నది తర్వాత సంగతి.

బుంకోల్లో ఒక కంపెనీవాటికి, షించో వాళ్లవి, లోపల సన్న రిబ్బను ఉంటుంది పేజీ గుర్తుకి. ఆ రిబ్బను ముందే అంటించేస్తారు కాబట్టి పైఅంచు కత్తిరించరు, అందుకని పైన కాగితాలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఇదిగో చూడండి, వేలితో రాస్తే తెలుస్తుంది, ముందు వరసకి ఇవ్వండి ఒకసారి. ఇంత చవక పుస్తకానికి ఇంత ముచ్చటేంటి అనిపించింది నాకు.

కౌంటర్లో అమ్మాయి ఒక ప్రశ్న అడుగుతుంది, "కబా ఒకకె షిమాస్‌కా" అని. నాకేం తెలుసు, తలూపాను. చకచకా కాగితం మడిచి, రెండు పక్కలా దోపి, మూడు సెకన్లలో అట్ట వేసి ఇచ్చేసింది! మనం జూన్‌లో బళ్లు తెరిచే ముందు రోజు ఇల్లంతా పరిచి బ్రౌన్ పేపర్లతో వేసుకునేవాళ్లమే, అదే అట్ట. రైల్లో కూర్చుని చూస్తే ఎవరు ఏం చదువుతున్నారో తెలీదు, అన్నిటికీ కాగితం అట్టే. సాహిత్యమా, శృంగారమా, హత్యలా, ఏమో. మా చిన్నప్పుడు మేమూ అట్టలు వేసేవాళ్లం గానీ మా కారణం వేరు. పూర్ణామార్కెట్ వెనక సందులో అద్దె పుస్తకాల షాపు ఉండేది, రోజుకి పావలా, కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెచ్చుకుని, సోషల్ పుస్తకం అట్ట తొడిగి, మా నాన్నగారి ఎదుటే చదివేసేవాణ్ని. "వీడికి చరిత్రంటే ఎంత ఇష్టమో" అనేవారు పాపం. జపాన్‌లో కూడా అద్దె పుస్తకాలు ఉండేవట, మనకంటే చాలా ముందు నుంచి, టోక్యోని ఎదో అనే రోజుల్లో పుస్తకాల మూట వీపున కట్టుకుని ఇంటింటికీ తిరిగి అద్దెకిచ్చేవాళ్లు, 1808 నాటికి ఆ ఒక్క ఊళ్లోనే 600కు పైగా అద్దె దుకాణాలున్నాయి.

నేను అక్కడ కొన్న మొదటి పుస్తకం ఏంటో చెప్పనా? నవల కాదు. రైల్వే టైమ్ టేబుల్. (నవ్వులు) నవ్వకండి, నెలనెలా వస్తుంది, ఇంత మందం, వెయ్యి పేజీల దాకా ఉంటుంది, పుస్తకాల షాపులోనే నవలల పక్కన అమ్ముతారు. ఆ షాపు మొత్తంలో నేను చదవగలిగిన పుస్తకం అదొక్కటే. అంకెలు కదా! ఇంటికొచ్చి సాయంత్రం దాకా చదువుకున్నాను. మా అమ్మాయి వచ్చి "నాన్నా, ఏం చదువుతున్నావు అంత సీరియస్‌గా" అని, చూసి, తల పట్టుకుంది. పట్టుకుని ఒక మాట అంది, అదే నన్ను ఇవాళ మీ ముందు నిలబెట్టింది. "టైమ్ టేబుల్ మీద రాసిన డిటెక్టివ్ నవల ఒకటుంది నాన్నా, రాసినాయన ఈ ఊరివాడే."

ఆయన పేరు మాత్సుమోతో సెయిచో. 1909లో పుట్టి 1992లో పోయారు. కొకురా కోట పక్కనే 1998లో ఆయన పేరు మీద మ్యూజియం కట్టారు, అమ్మాయి చెప్పేదాకా రోజూ దాని ముందు నుంచే నడిచి వెళ్తూ ఏదో బ్యాంకనుకున్నాను. లోపల ఆయన టోక్యో ఇంటి చదువుకునే గదీ, పుస్తకాల గదులూ ఉన్నవి ఉన్నట్టు తిరిగి పెట్టారు, సుమారు 30 వేల పుస్తకాలు. ఫోటోలో లావు కళ్లజోడు, కింది పెదవి ముందుకు వచ్చి, మన తాలూకాఫీసులో హెడ్ క్లర్కులా ఉంటాడు. చదువు ప్రైమరీ దాటి కొంచెం, అంతే. ఆఫీసులో బంట్రోతుగా చేరి, తర్వాత ప్రింటింగ్ ప్రెస్సులో అచ్చుకి బొమ్మలు గీసే పని నేర్చుకుని, పేపరాఫీసులో ప్రకటనలకి డిజైన్లు వేస్తూ, యుద్ధం అయ్యాక ఇంట్లో తిండికి చాలక సెలవు రోజుల్లో చీపుళ్లు అమ్మాడు. అవునండి, చీపుళ్లే. 41 ఏళ్లకి ఒక వారపత్రిక కథల పోటీకి కథ పంపాడు. నేను 41 ఏళ్లకి ఇంక్రిమెంటు ఎందుకు ఆపారో అని అర్జీలు రాసుకుంటున్నాను.

ఇక్కడ సాహిత్యంవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. జపాన్‌లో రెండు పెద్ద బహుమతులున్నాయి, రెండూ 1935లో ఒకే మనిషి, కికుచి కాన్ అనే రచయిత, పెట్టినవి. ఒకటి అకుతగావా, ఇది సీరియస్ సాహిత్యానికి. రెండోది నవోకి, ఇది జనం చదివే కథలకి. ఏడాదికి రెండుసార్లు, రెండూ ఒకే రోజు ప్రకటిస్తారు. అంటే వాళ్లు అధికారికంగా గీత గీసేశారు, ఇటు క్లాసు, అటు మాసు. సెయిచో ఒక కథ రాస్తే, అది మొదట నవోకికి పరిశీలనకొచ్చింది. వాళ్లు చూసి, ఇది మా బల్ల మీదది కాదేమో అని పక్క బల్లకి తోసేశారు. పక్కబల్లవాళ్లు చదివి 1953లో అకుతగావా ఇచ్చేశారు! ఆ బహుమతి పుచ్చుకున్న మనిషి తర్వాత ఏం చేశాడయ్యా అంటే, వెళ్లి హత్యల నవలలు రాశాడు. గీత అటు నుంచి ఇటు దాటించారు, ఈయన ఇటు నుంచి అటు దాటేశాడు. మా భాషలో చెప్పాలంటే లూప్ లైన్లో పెట్టిన బండి మెయిన్ లైన్లోకొచ్చి, సిగ్నల్ ఇచ్చాక మళ్లీ లూప్‌లోకే పోయిందన్నమాట.

ఆ కథ కొకురాదే. మోరి ఒగాయి అని పెద్ద రచయిత, మిలిటరీ డాక్టరు, 1899 నుంచి 1902 దాకా కొకురాలో ఉద్యోగం చేశాడు, ఆయన ఉన్న ఇల్లు ఇప్పటికీ ఉంది, వెళ్లి చూశాను. ఆ మూడేళ్లూ రాసిన డైరీ కనపడకుండా పోయింది. కథలో ఒక కుర్రాడు, అవిటివాడు, మాట కూడా సరిగా రాదు, ఆ డైరీ లేకపోతేనేం, ఆ మూడేళ్లలో ఆయన్ని చూసినవాళ్లందరినీ వెతికి అడిగి ఆ రోజుల్ని తిరిగి కడతానని బయల్దేరతాడు. తల్లి వెంట నడుస్తుంది. ఏళ్ల తరబడి. కుర్రాడు పోతాడు. పోయిన కొద్ది నెలలకి టోక్యోలో అసలు డైరీ దొరుకుతుంది. డైరీ దొరకడం నిజంగా జరిగిందే, 1951లో. ఇది మా అమ్మాయి నాకు ఒక రాత్రి అన్నం తింటూ జపనీస్ పుస్తకం చూసి తెలుగులో చెప్పింది, పచ్చడి కలుపుకున్న చెయ్యి అలాగే ఎండిపోయింది నాది.

సరే, టైమ్ టేబుల్ నవల. జపనీస్‌లో దాని పేరు 'తెన్ తో సెన్'. అంటే చుక్కలూ గీతలూ. ఇది వినగానే నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకంటే...

కంట్రోల్ చార్టు ఎంతమంది చూశారు ఇక్కడ? ఒకరు. మీరు రైల్వేయా? ఆపరేటింగా? కమర్షియల్... సరే కూర్చోండి. (నవ్వులు) కంప్యూటర్లు రాకముందు చార్టంటే పెద్ద కాగితం, బల్లంత. అడ్డంగా టైము, నిమిషాల గళ్లు. నిలువుగా స్టేషన్ల పేర్లు. స్టేషన్ మాస్టరు ఫోన్లో "ఫలానా బండి 23 కి పాస్" అంటాడు, అక్కడో చుక్క పెడతాం. తర్వాత స్టేషన్ వాడు "41" అంటాడు, ఇంకో చుక్క. స్కేలు పెట్టి రెండూ కలిపితే గీత. గీత నిటారుగా ఉంటే బండి బాగా పరిగెడుతోంది, వాలిపోతే నీరసంగా ఉంది, పూర్తిగా పడుకుంటే ఎక్కడో ఆగిపోయింది. పైకెళ్లే గీతా కిందకొచ్చే గీతా ఒకదాన్నొకటి కోసుకున్నచోట క్రాసింగు. సింగిల్ లైన్లో ఆ క్రాసింగు స్టేషన్లో పడాలి, మధ్యలో పడకూడదు, పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. 20 ఏళ్లు నేను చేసింది అదే, చుక్కలు పెట్టడం, గీతలు గీయడం. ఇంటికెళ్తే మా ఆవిడ గుమ్మంలో చుక్కల ముగ్గు వేస్తూ ఉండేది, "నువ్వూ డ్యూటీలోనే ఉన్నావా" అనేవాణ్ని.

ఆ నవల ఇంగ్లీషులో ఎప్పుడో 1970లో వచ్చింది, ఈ మధ్య 'టోక్యో ఎక్స్‌ప్రెస్' అని పేరు మార్చి కొత్త అనువాదం వచ్చింది, అది తెప్పించింది మా అమ్మాయి. రెండు రోజుల్లో చదివేశాను, రెండో రోజు మళ్లీ మొదట్నుంచి.

1957లో ఒక టూరిజం పత్రికలో సీరియల్‌గా వచ్చింది. కథ మొత్తం చెప్పను, మీరు చదువుకోవాలి. ఫుకువోకా దగ్గర సముద్రపొడ్డున ఒక ఆడా మగా చచ్చిపడి ఉంటారు, ప్రేమికులు, జంటగా ఆత్మహత్య అని పోలీసులు ఫైలు మూసేయబోతారు. ఒక ముసలి డిటెక్టివ్, చిరిగిన కోటు, టీ నీళ్లకి కూడా ఆలోచించే రకం, చచ్చిపోయినాయన జేబులో రైల్లో డైనింగ్ కార్ బిల్లు చూస్తాడు. "ఒకరికి" అని ఉంటుంది. కలిసి చావడానికి బయల్దేరిన ఇద్దరిలో ఒకడే వెళ్లి భోంచేస్తాడా? ఆ సందేహం ఇంటికి తీసుకెళ్లి కూతుర్ని అడుగుతాడు. నాకు ఈ ముసలాయన భలే నచ్చాడు, తుపాకీ లేదు, తెలివితేటల ప్రదర్శన లేదు.

ఇక నాలుగు నిమిషాలు. ఆ చనిపోయిన ఇద్దరూ టోక్యో స్టేషన్లో 15వ ప్లాట్‌ఫారం మీద హకాటా, అంటే ఫుకువోకా ఊరి పెద్ద స్టేషన్, దానికి వెళ్లే అసకజే అనే రాత్రి బండి ఎక్కుతుండగా 13వ ప్లాట్‌ఫారం నుంచి చూసినవాళ్లున్నారు. కానీ మధ్యలో లైన్లు ఉన్నాయి కదా, ఎప్పుడూ ఏదో బండి వచ్చి అడ్డంగా ఉంటుంది. 13 నుంచి 15 కనపడాలంటే ఆ సాయంత్రం మొత్తంలో నాలుగు నిమిషాలే సందు. 5 గంటల 57 నుంచి 6 గంటల 1 దాకా. సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లో చూశారంటే అది యాదృచ్ఛికమా, ఎవరైనా చూపించారా? అయ్యా, ఇది అప్పటి నిజం టైమ్ టేబుల్ ముందు పెట్టుకుని రాశాడు, పాఠకులు కూడా తమ టైమ్ టేబుల్ తీసి సరిచూసుకోవచ్చు. మన విశాఖ స్టేషన్లో ఈ నవల రాయాలంటే ఎలా ఉంటుందో ఆలోచించాను. హంతకుడు సాక్షుల్ని ఒకటో నంబరు మీద నిలబెట్టి చూపిద్దామంటే, మైకులో "దయచేసి వినండి, ఆ బండి 3 గంటల 40 నిమిషాలు ఆలస్యంగా" అంటుంది, సాక్షులు టీ తాగడానికి పోతారు, హంతకుడు "మాస్టారూ లైన్ క్లియర్ వచ్చిందా" అని నన్ను అడుగుతాడు. (పెద్దగా నవ్వులు) ఒక దేశం హత్య ప్లాన్ చేసుకోవాలన్నా రైళ్లు టైముకి నడవాలండీ.

నవ్వులాటకి అన్నాను గానీ, నన్ను పట్టుకున్నది నాలుగు నిమిషాలు కాదు. ఆ నవల్లో జబ్బు మనిషి ఒకావిడ ఉంటుంది, టోక్యో దగ్గర కామకురా అనే ఊళ్లో, మంచం మీదే. ఎక్కడికీ వెళ్లలేదు. టైమ్ టేబుల్ చదువుకుంటుంది. 'అంకెలున్న దృశ్యం' అని చిన్న వ్యాసం రాస్తుంది: ఇప్పుడు నా గడియారంలో టైము ఇంత, ఈ నిమిషంలో దేశంలో ఫలానా ఫలానా స్టేషన్లలో బండ్లు ఒకదాన్నొకటి దాటుకుంటున్నాయి, నేను పడుకునే ఉన్నాను, అని. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి బాల్కనీలోకి వెళ్లాను. నైట్ డ్యూటీలో నేను పడిందంతా అదే కదా. ఏసీ గదిలో కుర్చీ, కిటికీ లేదు, రైలు కూత కూడా వినపడదు, కానీ ఇప్పుడు టైడాలో గూడ్సు ఆగింది, డ్రైవరు బీడీ వెలిగించుంటాడు, బొర్రా దగ్గర వాన పడుతుంటుంది, కరకవలసలో పాయింట్స్‌మన్ లాంతరు పట్టుకుని నడుస్తుంటాడు... ఇది నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి మాట లేక. 1957లో ఒక జపానాయన, చీపుళ్లమ్ముకున్నాయన, ఒక మాస్ నవల్లో, అదీ అనుమానించాల్సిన పాత్రతో రాయించేశాడు.

ఇంకొకటి. ఆ చనిపోయిన మనిషి ఒక మంత్రిత్వశాఖలో చిన్న ఆఫీసరు, పైన లంచాల కేసు నడుస్తోంది. వీడు పోతే పైవాళ్లకి హాయి. సెయిచో రాకముందు జపాన్ డిటెక్టివ్ కథలు ఎక్కువగా మూసిన గది, మాయమైన కత్తి, పజిల్‌లాగా ఉండేవి, ఈయన వచ్చి హత్య ఎలా జరిగింది కంటే ఎందుకు జరిగింది, ఎవరికి లాభం అనేవైపు తిప్పాడు, దాన్ని సామాజిక డిటెక్టివ్ నవల అన్నారు. నేను సర్కారీ ఆఫీసులో పెరిగినవాణ్ని, ఎంక్వైరీ అంటే ఏంటో తెలుసు. ఎక్కడో పైన సంతకం జరుగుతుంది, ఫైలు కింద దొరుకుతుంది, ఛార్జిషీటు పడేది ఫైలు మోసినవాడికి. జపాన్‌వాళ్లంటే క్రమశిక్షణ, నిజాయితీ, వంగి దండాలు అని వాట్సాప్‌లో చదివి వెళ్లాను నేను, ఈ నవల చదివాక పక్కింటాయనతో దండాలు పెట్టుకుంటుంటే కాస్త మన ఆఫీసు మనిషిలా కనపడ్డాడు. టూరిస్టు పుస్తకం వచ్చేవాడికోసం ఇల్లు సర్దుతుంది, ఇలాంటి నవల వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది, మనం గోడవతల నుంచి వింటున్నాం, నాకు తెలిసిన తేడా ఇదీ.

మన రావిశాస్త్రిగారు ఈ ఊళ్లోనే కోర్టు వరండాల్లో తిరిగి సారా కేసులూ పోలీసులూ దొంగసాక్షులూ అన్నీ రాశారు, అది సాహిత్యం అని మనందరం ఒప్పుకున్నాం, గర్వపడతాం కూడా. మరి డిటెక్టివ్ అనేసరికి అద్దెషాపు సందులోనే వదిలేశాం. మన డిటెక్టివ్‌ని ఒక్కసారి మన తాలూకాఫీసుకి పంపితే ఎలా ఉండేదో. ఇది నా గొణుగుడు, వదిలేయండి.

ఆ శవాలు దొరికిన ఊరు కాషీయి. కొకురా నుంచి హకాటా వైపు గంట ప్రయాణం. ఫోన్లో మా ఆవిడతో "రేపు కాషీ వెళ్తున్నా" అన్నాను. ఆవిడకి మోకాళ్లు బాగోక ఇక్కడే ఉండిపోయింది. "నన్ను వదిలేసి కాశీకా! జపాన్ నుంచి కాశీకి వెళ్లడమేంటి" అని ఒకటే గొడవ. నవల్లో ఆ ఊళ్లో రెండు స్టేషన్లు ముఖ్యం, ప్రభుత్వం రైలుది ఒకటి, ప్రైవేటు రైలుది ఒకటి, వాటి మధ్య నడకకి ఎంత పడుతుందో ముసలి డిటెక్టివ్ రకరకాల వేగాలతో నడిచి చూస్తాడు. నేనూ నడిచాను, వాచీ పట్టుకుని. రెండుసార్లు మామూలుగా, ఒకసారి మోకాళ్లు పట్టేసినట్టు. ఒక బేకరీ ఆవిడ నన్ను మూడుసార్లూ చూసి, మూడోసారి బయటకొచ్చి దారి తప్పారా అని సైగ చేసింది, హత్య కేసు అని ఏ సైగతో చెప్పాలి? సముద్రం కోసం నడిచాను, నడిచాను, రాలేదు. నవల్లో ఉన్న తీరం లేదు, పూడ్చేసి అపార్ట్‌మెంట్లు కట్టేశారు. మనకి ఆర్కే బీచ్‌లో సముద్రం ముందుకొచ్చి ఇసక తినేస్తుంటే డ్రెడ్జర్‌తో తెచ్చి పోస్తున్నాం, అక్కడ సముద్రాన్నే వెనక్కి తోసేశారు.

వేరేవి కూడా చదివాను. మురాతా సయాకా రాసిన కన్వీనియన్స్ స్టోర్ అమ్మాయి నవల, 2016లో అకుతగావా వచ్చింది, రచయిత్రి అప్పటికీ అలాంటి స్టోర్లోనే పార్ట్‌టైమ్ చేస్తోందట. అది చదివాక మా వీధి చివర స్టోర్లో "ఇరష్షయిమాసే", అంటే రండి రండి అని అరిచే కుర్రాణ్ని చూసే చూపు మారింది నాకు. కొన్ని మాత్రం చాలా గొప్పవని అందరూ చెప్పినవి, మంచు పడుతూ ఉంటుంది, ఎవరూ ఏమీ మాట్లాడరు, నిద్రపోయాను. తప్పు నాదే అయ్యుంటుంది.

తిరిగొచ్చే ముందు సెకండ్ హ్యాండ్ షాపులో 110 యెన్‌లకి సెయిచో నవల ఒకటి, జ్ఞాపకానికి ఉంటుందని కొన్నాను, 'సునా నో ఉత్సువా' అని. ఇందాక మీ చేతుల్లో తిరిగింది అదే. ఇంటికొచ్చి మనవరాలికి చూపిస్తే అది ఒకటే నవ్వు. అట్ట మీద చిన్న అక్షరం, 'గె'. అంటే కింద. ఇది రెండో భాగం తాతయ్యా, పైది ఎక్కడుంది అని. నవల రెండు భాగాలట, నేను సగం నుంచి కొన్నాను. ఇంగ్లీషులో ముందే చదివాను కాబట్టి కథ తెలుసు. అందులో ఒక గొప్ప సంగతి, యాస. హత్యకి ముందు బార్‌లో మాట్లాడుకుంటున్న ఇద్దరిలో ఒకరిది ఉత్తరాది తొహోకు యాస అని సాక్షులు చెప్తారు, "కమెదా" అనే మాట వినపడింది అంటారు, పోలీసులు ఉత్తరాది అంతా గాలిస్తారు, దొరకదు. తర్వాత డిటెక్టివ్ భాషాశాస్త్రం మ్యాపులు చూసి తెలుసుకుంటాడు, ఎక్కడో పడమట ఇజుమో అనే మూల కూడా అలాగే పలుకుతారని. ఇంగ్లీషు అనువాదంలో ఈ యాస వినపడదు, "యాసలో అన్నాడు" అని చెప్తారంతే. కానీ నాకు వెంటనే తట్టింది. ఖరగ్‌పూర్ ట్రైనింగుకి వెళ్లినప్పుడు, బెంగాల్ మధ్యలో, ప్లాట్‌ఫారం మీద వెనకనుంచి "ఏటి బావూ, ఎక్కడికెల్తన్నారు" అని వినపడింది, శ్రీకాకుళంలో దిగిపోయానా అనుకున్నాను. వాళ్ల తాతలు రైల్వే పనికి ఇక్కణ్నుంచి వెళ్లినవాళ్లే. ఇజుమోది ఎలా వచ్చిందో నాకు తెలీదు, పలుకుబడి కలిసిందని మాత్రం తెలుసు, కానీ ఎవరైనా దీన్ని తెలుగు చేస్తే ఆ బార్‌లో మాట్లాడేవాడికి మన పలాస యాస పెట్టండి, పోలీసుల్ని పలాసలో తిప్పండి, మేం సాయం చేస్తాం.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్న మనవరాలు వీడియో కాల్ చేస్తుంది. ఆ రెండో భాగం ఒక కాపీ అక్కడ కూడా కొన్నారు, పైది కొనలేదు, కావాలనే. అది రెండు పేజీలు చదివి నాకు తెలుగులో చెప్తుంది, దాని తెలుగు నా ఇంగ్లీషులాంటిది. రాని అక్షరాలు వస్తే ఎత్తి కెమెరాకి చూపిస్తుంది, నాకేదో తెలిసినట్టు. ఇవాళ పొద్దున్న ఒక అక్షరం దగ్గర ఆగిపోయాం, వాళ్లమ్మ బజారుకెళ్లింది, చెప్పేవాళ్లు లేరు. అది నోటుబుక్కులో ఆ అక్షరం పెద్దగా రాసి, నన్నూ కాపీ చేసుకోమంది. ఇదిగో చేతిలో రాసుకొచ్చాను, పెన్ను ఇంకా చెరగలేదు. ఇక్కడెవరికైనా జపనీస్ వచ్చా? రాదా? సరే, ఆదివారం దాకా ఆగుతాం.